తేనెటీగల పెంపకం: డిగ్రీ పూర్తయిన అబ్బాయికి తొలి ఏడాది

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి బీఎస్సీ వృక్షశాస్త్రం పూర్తి చేశాడు. ఉద్యోగ పరీక్షల శిక్షణకు వెళ్లమంటే తేనెటీగలు పెంచుతానంటున్నాడు. యాభై పెట్టెలతో మొదలుపెట్టడానికి మూడు లక్షలు అడుగుతున్నాడు. మాకు ఎకరంన్నర మామిడి, జీడి తోట ఉంది. డబ్బు ఇవ్వమంటారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి కోరికను కాదనవద్దు; అలాగని మూడు లక్షలూ ఇప్పుడే చేతిలో పెట్టవద్దు. ఐదు పెట్టెలతో ఒక ఏడాది, అందులోనూ ఒక వానాకాలం గడిచిన తరువాతే మిగిలిన డబ్బు గురించి ఆలోచించండి. ఈ పని గురించి ఇళ్లలో జరిగే చర్చ చాలావరకు తేనె ధర దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

తేనెటీగల పెంపకందారుకు ఏడాది పొడవునా ఉండే పని పూలను వెతుక్కోవడం. ఈగలు సాధారణంగా రెండు మూడు కిలోమీటర్ల దూరం వరకు మేతకు వెళతాయి. ఆ పరిధిలో ఏ నెలలో ఏది పూస్తుందన్నదే ఆదాయాన్ని నిర్ణయిస్తుంది. మీ తోటలో మామిడి, జీడి పూత రెండు మూడు నెలల ముచ్చటే. యాభై పెట్టెలు పెట్టుకున్నవారు వలిసెలు అనే నూనెగింజల పంట పూసే రోజులకు అరకు వైపు కొండలెక్కి, తరువాత జీడి తోటలకు దిగి, ఆపైన నువ్వు చేలు వెతుక్కుంటూ తిరగవలసి ఉంటుంది. అదంతా రాత్రి ప్రయాణమే. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారం మూసి, పెట్టెలను కదలకుండా కట్టి, తెల్లవారేలోగా కొత్త చోట దించాలి. దగ్గరే కదా అని అర కిలోమీటరు జరిపితే, మేతకు వెళ్లిన ఈగలు పాత చోటికే తిరిగి వెళ్లిపోతాయి.

ఇక వానాకాలం. నా సలహాతోనే ఈ పని మొదలుపెట్టిన ఒక యువకుడి తోటకు ఒకసారి భాద్రపదంలో వెళ్లాను. అతడు మూత తీసి ఒక ఫ్రేము (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం) పైకెత్తితే చేతికి బరువే తగలలేదు. మైనపు గదుల మీద సాలెగూడులా తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి, వాటి మధ్య మైనపు చిమ్మట పురుగులు పాకుతున్నాయి, ఒక మూల గుప్పెడు ఈగలు మాత్రం మిగిలాయి. వేసవి చివర ధర బాగుందని ఉన్న తేనె అంతా తీసి అమ్మేశాడు. వానల్లో పూలు లేక, లోపల నిల్వ లేక ఈగల బలం తగ్గిపోయింది. తమ తేనెపట్టును తాము కాపాడుకోలేని గుంపులోకే ఆ పురుగు చొరబడుతుంది. తేనె కొంత వదిలిపెట్టాలనీ, కరవు రోజుల్లో సమపాళ్లలో చక్కెర, నీళ్లు కలిపిన పాకం సాయంత్రం పూట ఇవ్వాలనీ నేను ముందుగా గట్టిగా చెప్పి ఉండవలసింది. అందుకే ఇప్పుడు మీకు ఇంత నొక్కి చెబుతున్నాను.

మీ ప్రాంతానికి ఇంకొక పెద్ద చిక్కు పురుగుమందులు. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజులూ, ఈగలు ఆ పూల మీద వాలే రోజులూ ఒకటే అవుతాయి. మీరు కొట్టకపోయినా పక్క తోటవారు ఉదయం కొడితే మధ్యాహ్నానికి పెట్టె ముందు చచ్చిన ఈగలు పరుచుకుంటాయి. కనుక చుట్టుపక్కల రైతులతో మాట్లాడి, పూత నిండుగా ఉన్నప్పుడు మందు మానమని, తప్పనప్పుడు సాయంత్రం ఈగలు ఇల్లు చేరాక కొట్టమని, ముందు రోజు కబురు చెప్పమని అడగాలి. మీ అబ్బాయికి ఈ మాటకారితనం ఉందా లేదా అన్నది వృక్షశాస్త్రంలో అతనికి వచ్చిన మార్కుల కన్నా నాకు ముఖ్యం.

కుట్టడం గురించి మీకు భయం ఉండే ఉంటుంది. ముసుగు, ఈగలను శాంతపరిచే పొగడబ్బా వాడినా అప్పుడప్పుడు కుడతాయి. అయితే కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడని మనిషి మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఈ పనికి దూరంగా ఉండాలి. పెట్టెలు కొనేముందే ఇది తేల్చుకోవాలంటే అనుభవమున్న ఒకరి దగ్గర రెండు నెలలు పనిచేయించండి.

శిక్షణకు ముందుగా దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఆధ్వర్యంలో పుణేలో 1962 నుంచి కేంద్రీయ తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ నడుస్తోంది. 2020లో కేంద్రం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. రాయితీల వివరాలు ఉద్యాన శాఖ కార్యాలయంలో తెలుసుకోండి. రాయితీ వస్తుందన్న ఆశతో మాత్రం పెట్టెల సంఖ్య పెంచవద్దు.

చదువు దారి కూడా మూసుకోనక్కరలేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కీటకశాస్త్రం ఎమ్మెస్సీకి సాధారణంగా బీఎస్సీ వ్యవసాయం అడుగుతారు కాబట్టి అది మీ అబ్బాయికి కష్టం; వృక్షశాస్త్రంలోనే ఎమ్మెస్సీ చేసి పుప్పొడి, పరాగ సంపర్కం మీద పనిచేయవచ్చు. ఐదు పెట్టెలకు వారానికి ఒక పూట చాలు గనుక పోటీ పరీక్షలకు చదువుకోవడానికీ సమయం మిగులుతుంది.

వానలు వెనకబట్టాక, అక్టోబరులో పెట్టెలు కొనండి. డబ్బు ఇచ్చేముందు ప్రతి పెట్టెనూ తెరిపించి, గదికి ఒకటి చొప్పున నిలబడి ఉన్న సన్నటి తెల్లని గుడ్లు చూపించమనండి. గుడ్డు మూడు రోజుల్లో పిల్లపురుగవుతుంది కనుక, గుడ్లు కనబడితే మూడు రోజుల కిందటి వరకైనా గుడ్లు పెట్టే రాణి ఈగ ఉన్నట్టే. ఆ రోజు నుంచి ఏ పువ్వు ఎప్పుడు విచ్చింది, ఏ పెట్టె బరువు పెరిగింది, ఎప్పుడు పాకం పోశాడు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయించండి. వచ్చే సెప్టెంబరు చివర ఆ పుస్తకం తీసుకుని మీరిద్దరూ పెట్టెల దగ్గర కూర్చోండి. నాలుగింటిలోనైనా రాణి ఉండి, గుడ్లు కనబడితే, ఇరవై పెట్టెలకు డబ్బు ఇవ్వండి.