రోజూ ఇంట్లో చూసేదే అయినా మిమ్మల్ని ఆశ్చర్యపరిచిన సైన్స్ విషయం ఏంటి?

నాకైతే పసుపు మరక. నవ్వకండి, దీని మీద హాస్టల్లో రూమ్మేట్‌తో గొడవ కూడా అయింది.

బీటెక్ సెకండియర్‌లో ఒక పెళ్ళికెళ్ళా, తెల్ల చొక్కా, అదీ కొత్తది, బంతిలో వడ్డించేవాడి గరిటె కాస్త వంగి సాంబారు సరిగ్గా జేబు మీద పడింది. రాత్రి రూముకొచ్చి బకెట్ దగ్గర కూర్చుని బట్టల సబ్బు పెట్టి రుద్దానా, చూస్తుండగానే పసుపు మరక కాస్తా ఎర్రగా అయిపోయింది. మావాడు అప్పుడే ఎర్ర పెన్నుతో రికార్డులో ఏదో గీస్తున్నాడు, వాడి పనే అనుకుని నాలుగు తిట్టా. తీరా నీళ్ళు పోసి జాడిస్తే మళ్ళీ పసుపు!

ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే "దిష్టి నీళ్ళు ఎప్పుడూ చూళ్ళేదేంట్రా, పసుపులో సున్నం వేస్తే ఎర్రగా అవ్వట్లా" అంది. నిజమే, పారాణి కూడా అదే కదా. స్కూల్లో పసుపు కాగితం మీద సబ్బు నీళ్ళ చుక్క వేసి చూపించారు, పరీక్షలో సహజ సూచిక (రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పేది) అని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా, అయినా అదే నా జేబు మీద జరుగుతోందని మాత్రం తట్టలేదు.

పసుపుకి ఆ రంగిచ్చేది కర్కుమిన్. 1815లోనే వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు ఆ రంగు పదార్థాన్ని పసుపులోంచి వేరు చేశారు, దాని నిర్మాణం తేలేసరికి 1910 అయింది. పుల్లటి వాటిలో, మామూలు నీళ్ళలో అది పసుపుగానే ఉంటుంది. సబ్బు, సున్నం, సోడా లాంటి క్షారం తగిలితే ఆ అణువులోంచి ప్రోటాన్ అనే చిన్న కణం ఊడిపోతుంది, దాంతో అది పీల్చుకునే కాంతి మారి మనకి ఎర్రగా కనిపిస్తుంది. జాడిస్తే సబ్బు పోయి మళ్ళీ పాత రంగొస్తుంది, నిమ్మకాయ పిండినా అంతే.

మరి నిమ్మరసం పోసి చేసే కుంకుమ ఎర్రగానే ఎలా ఉంటుంది? నాకూ ఇదే డౌటొచ్చింది. అందులో వెలిగారం (బోరాక్స్) కలుపుతారు, దాన్లోని బోరాన్ కర్కుమిన్‌తో కలిసి వేరే ఎర్ర పదార్థం అవుతుంది, దానికి పులుపే కావాలి. (బజార్లో దొరికేదంతా ఇలా చేసింది కాదు లెండి, ఉత్త రంగు పొడి కలిపినవి కూడా ఉంటాయి.)

ఇంక చొక్కా సంగతి. అమ్మ దాన్ని తడిపి డాబా మీద ఎండలో ఆరేసింది, రెండ్రోజులకి మరక లేదు. కర్కుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, అందుకే ఎంత ఉతికినా మొండికేస్తుంది, కానీ వెలుతురు తగిలితే విరిగిపోతుంది. మా ఇంటి గడపకి రాసిన పసుపు కూడా ఎండ పడే వైపే ముందు వెలిసిపోయేది, నేనేమో ఇన్నాళ్ళూ కాళ్ళు తగిలి పోతోందనుకున్నా. మీరూ చేసి చూడండి, కాకపోతే తెల్లబట్టలకే, రంగు చీరలు ఎండలో పడేస్తే మరకతో పాటు చీర రంగూ పోతుంది, తర్వాత నన్ను అనొద్దు.