మా అత్తగారు చైనీస్ కాదు, పోర్చుగీస్ కాదు... మరి మా అమ్మాయి ఎవరు?

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. మావారు ఇక్కడే పుట్టారు. వాళ్ల పెద్దవాళ్లది మకావు, చైనా తీరాన పోర్చుగీసువాళ్లు ఏలిన ఊరు. ఇంటిపేరు పోర్చుగీసుది, ముఖం చూస్తే చైనీస్ అనుకుంటారు. మా అత్తగారికి 82 ఏళ్లు. హాంకాంగ్‌లో పెరిగి, 1968లో ఇక్కడికి వచ్చారట. ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. మా అమ్మాయికి 15. ఈమధ్య తను డీఎన్ఏ టెస్ట్ చేయించుకుని వాళ్ల నాన్నకీ చేయించింది. ఆయన రిపోర్టులో పోర్చుగల్, చైనా, మలయా వైపు, చివరికి కొంచెం ఇండియా కూడా వచ్చాయి. అప్పటి నుంచి "నాన్న వైపు ఏమీ లేదు, అంతా కలగూరగంప" అంటోంది. మావారు "పోర్చుగీస్ అని చెప్పేయ్, గొడవ వదిలిపోతుంది" అంటారు. అత్తగారు "మేం మకావు బిడ్డలం" అని ఒక్క మాట అని గదిలోకి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మనవరాలితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఊళ్లో మావాళ్లు మావారిని ఇప్పటికీ "చైనా అల్లుడు" అంటారు. ఈ గందరగోళంలో మా అమ్మాయికి వచ్చిన కాస్త తెలుగు కూడా పోతుందేమోనని నా టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మీ అత్తగారి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "మకావు బిడ్డలం" అని ఆవిడ కోపంలో ఏదో అనేయలేదు. పోర్చుగీసులో ఆ సమాజం తనను తాను పిలుచుకునే మాటే అది, "ఆ నేల బిడ్డలు" అని. మీ అమ్మాయి అడిగినదానికి ఆవిడ సూటిగా జవాబు చెప్పారు. ఇంట్లో ఎవరూ దాన్ని జవాబుగా వినలేదు. ఆవిడ గదిలోకి వెళ్లిపోవడానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది.

పోర్చుగీసువాళ్లు మకావులో 1557 ప్రాంతంలో స్థిరపడ్డారు. లిస్బన్ నుంచి భార్యాబిడ్డలతో దిగినవాళ్లు కారు. గోవా, ఇప్పటి మలేషియాలోని మలక్కా మీదుగా వచ్చారు. ఆ ఊళ్ల స్త్రీలను, జపాన్ నుంచి వచ్చిన క్రైస్తవ స్త్రీలను, తర్వాత చైనా స్త్రీలను పెళ్లాడారు. కాబట్టి మీవారి రిపోర్టులో ఇండియా కనిపించడంలో వింత లేదు. ఆ పిల్లలు తరతరాలుగా ఒక చోట బతికి తమదైన వంట, తమదైన భాష తయారు చేసుకున్నారు. ఆ భాష పేరు పతువా. పోర్చుగీసు మీద మలయ్, కాంటనీస్, మన కొంకణి మాటలు కలిసి పుట్టింది. అందులో "ఇళ్లు" అనాలంటే ఇల్లు అనే మాటనే రెండుసార్లు అంటారు, "కాజ-కాజ" అని. మనం "ఇల్లిల్లూ తిరిగాను" అన్నట్టే.

మీరు గుంటూరు వారు కాబట్టి మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. అలాగని గోంగూర పచ్చడిలో తెలుగు ఎంత శాతం అని ఎవరూ లెక్క కట్టరు. అది మన పచ్చడి. వాళ్ల నాన్న వైపు ఉన్నది కూడా అలాంటిదే. నాలుగు ముక్కలు అతికించినది కాదు, ఒక పూర్తి వస్తువు. శాతాలు చూపించే కాగితంలో "మకానీస్", అంటే మకావు వాళ్లు, అనే గడి ఉండదు. అందుకే ఆ పిల్లకు ఏమీ లేనట్టు కనిపించింది.

మీవారి సంగతి వేరు. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. 1840ల నుంచి మకావు కుటుంబాలు హాంకాంగ్‌కి వెళ్లి బ్యాంకుల్లో, బ్రిటిష్ కంపెనీల్లో గుమాస్తాలుగా చేరాయి. ఎంత పని వచ్చినా పై కుర్చీ మాత్రం ఇంగ్లిష్ వాళ్లదే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ హాంకాంగ్‌ని పట్టుకున్నప్పుడు చాలామంది మకావుకే పారిపోయి వచ్చారు. మీ అత్తగారు పుట్టింది ఆ రోజుల్లోనే కదా. 1966లో మకావులో, 1967లో హాంకాంగ్‌లో అల్లర్లు జరిగాక ఇక అక్కడ భవిష్యత్తు లేదనుకుని ఎందరో కాలిఫోర్నియా, కెనడా, బ్రెజిల్, ఆస్ట్రేలియా దారి పట్టారు. ఇక మీవారు పెరిగిన చోట పోర్చుగీసువాళ్లంటే ఎక్కువగా అట్లాంటిక్‌లో పోర్చుగల్‌కి చెందిన అసోర్స్ దీవుల వాళ్లు. వాళ్లకు ఈయన చైనీస్‌లా కనిపించి ఉంటారు, చైనీస్ పిల్లలకు ఈ ఇంటిపేరు నచ్చి ఉండదు. "పోర్చుగీస్ అని చెప్పేయ్" అనేది చిన్నప్పుడే ఆయన నేర్చుకున్న తప్పించుకునే దారి. ఆయన్ని ఒకసారి నెమ్మదిగా అడగండి, బడిలో నిన్ను ఏమని పిలిచేవారు అని. అడిగాక మధ్యలో మాట్లాడకండి.

నేను చిన్నప్పుడు సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీని మేమంతా "దొరసానమ్మ" అనేవాళ్లం. ఆవిడ ఆస్ట్రేలియా వెళ్లాక మా అమ్మకు రాసిన మొదటి ఉత్తరంలో, "ఇక్కడ అందరూ నన్ను ఇండియన్ అంటున్నారు" అని రాశారు. ఆ ఉత్తరం చదివి మా అమ్మ ఏడ్చింది. మేం ఆవిడను ఒక్కసారి కూడా మనమనిషి అనలేదే అని.

అందుకే "చైనా అల్లుడు" అన్న మాట దగ్గర మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను. మీవాళ్లు అలా అన్నప్పుడు మీరు ఏమన్నారు? నవ్వి ఊరుకున్నారా? అయితే మీ అమ్మాయి అది చూసే ఉంటుంది. ఈసారి ఫోన్‌లో ఎవరైనా అంటే, తను వినేలా, "పేరు పెట్టి పిలవండి పిన్నీ, ఆయన మకావు వాళ్లు" అనండి. పెద్దవాళ్లు ఒకసారి నొచ్చుకుంటారు. పర్వాలేదు.

అత్తగారితో మనవరాలిని కలపడానికి మీటింగ్ పెట్టి "చరిత్ర చెప్పండి అత్తయ్యగారూ" అనవద్దు. వంటింట్లోంచి మొదలుపెట్టండి. మిన్చి అని వాళ్ల ఇళ్లల్లో కైమాతో చేసే కూర ఉంటుంది, సోయా సాస్ వేసి, వేయించిన బంగాళదుంప ముక్కలు కలిపి, పైన గుడ్డు పెడతారు. ఇంటికో పద్ధతి, ఎవరి అమ్మ చేసిందే వాళ్లకు అసలైనది. అది నేర్పమని మీ అమ్మాయి చేతే అడిగించండి. వండుతున్నప్పుడు ఆవిడ నోట పతువా మాటలు దొర్లితే ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు, యునెస్కో దాన్ని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న భాషల్లో చేర్చింది. మకావులో 1993 నుంచి ఒక బృందం ఆ భాషలో నాటకాలు వేస్తోంది. వాటి గురించి వెతికి, అవ్వా మనవరాలూ కలిసి చూడొచ్చు. మీ ఫ్రీమాంట్‌లోనే మకావు కల్చరల్ సెంటర్ ఉంది. అక్కడికి అందరూ ఒక ఆదివారం వెళ్లండి, మీవారు రానంటే బలవంతపెట్టకండి.

తెలుగు పోతుందన్న మీ భయం నాకు అర్థమైంది. కానీ ఒక వైపు మాట్లాడకపోతే రెండో వైపు నిలుస్తుందని అనుకోకండి. నాన్నమ్మ మాటను భద్రంగా దాచుకోవడం నేర్చుకున్న పిల్ల మీ అమ్మ మాటనూ దాచుకుంటుంది. మిన్చి అయ్యాక బలిషావ్ నేర్పమనండి. రొయ్యపొట్టుతో నిలవ చేసే ఊరగాయ లాంటిది, గోవా బల్చావ్‌కి చుట్టం. దానితో చింతపండు వేసి పంది మాంసం వండుతారు. మీరు మాంసం తినకపోయినా ఆ రోజు వంటింట్లో ఉండండి. చింతపండు పులుసు తీసే పని మీరు తీసుకుని, ఎంత చిక్కగా కావాలో మీ అత్తగారిని అడగండి.