కొండ మీద గంజాయి తోట: అడ్వాన్స్ ఎవరిది, కేసు ఎవరి మీద?

ఈ మధ్య మాకొచ్చిన ఉత్తరాల్లో గంజాయి సాగు గురించి అడిగినవే చాలా ఉన్నాయి, ఏజెన్సీ నుంచి, సీమ నుంచి, అమెరికా నుంచి కూడా. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. పేర్లు, ఊర్లు ఎవరివీ వేయట్లేదు. నేను వ్యవసాయం తెలిసినవాణ్ణి కాబట్టి చట్టం సంగతులు మాత్రం ఒక క్రిమినల్ లాయర్ దగ్గర కూర్చుని సరిచూసుకుని రాస్తున్నా.

ప్రశ్న: సార్, మాది గూడెం కొత్తవీధి వైపు కొండ మీద ఊరు. నాన్న పేరు మీద రెండెకరాలు పోడు పట్టా ఉంది, చోళ్లు, సామలు వేస్తాం, కొంచెం పసుపు. మొన్న సంతలో ఒకాయన కలిశాడు, ఎకరం ఇస్తే విత్తనం, ఎరువు, కూలీ అన్నీ తనే పెట్టుకుంటాడంట, ముందే 50 వేలు చేతిలో పెడతాడంట, పంటొచ్చాక కిలోకి రెండు మూడు వేలు ఇస్తాడంట. ఒకప్పుడు దీంతోనే ఇళ్లు కట్టుకున్నోళ్లు మా పక్కనే ఉన్నారు. చెల్లికి నర్సింగ్ ఫీజు కట్టాలి. ఒక్క పంట వేసి మానేస్తే ఏమవుద్ది సార్?

జవాబు: తమ్ముడూ, డబ్బు రాదని నేను చెప్పను, చెప్తే నువ్వు నమ్మవు కూడా, ఎందుకంటే నీ కళ్ల ముందే ఇళ్లు లేచాయి. చోళ్లు వేస్తే తిండికి సరిపోయే చోట ఒక్క సీజన్లో నోట్ల కట్ట కనపడితే ఎవరికైనా మనసు లాగుద్ది, అందులో నిన్ను తప్పు పట్టడానికి ఏం లేదు. కాకపోతే ఆ లెక్క పూర్తిగా చూద్దాం, ఆయన నీకు చెప్పని ముక్కతో కలిపి.

ముందు భూమి సంగతి. ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడానికీ కుదరదు, కౌలుకి తీసుకోడానికీ కుదరదు, అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. అటవీ హక్కుల పట్టా అయితే వారసులకి వస్తుందే తప్ప ఇంకొకరికి రాసిచ్చేది కాదు. అంటే ఆయన నీ దగ్గర ఎకరం తీసుకున్నట్టు ఎక్కడా కాగితం ఉండదు, ఉండే ఒకే ఒక్క కాగితం మీ నాన్న పట్టా. రేపు డ్రోన్ ఎగిరి తోట కనపడితే పోలీసులు చూసేది ఆ పట్టా ఎవరిదా అనే. అప్పటికి సంతలో కలిసినాయన ఫోన్ స్విచ్ ఆఫ్. ఆయన అసలు పేరేంటో, ఊరేంటో నీకు తెలుసా? అలా పెట్టుబడి పెట్టేవాడికి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27ఏ సెక్షన్ కింద పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా శిక్ష ఉంది, కానీ పట్టుకోవాలంటే ముందు మనిషి ఎవరో తెలియాలి కదా.

సాగు చేసినవాడికి సెక్షన్ 20 కింద పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. నేను వేయలేదు, ఆయనే వేశాడు, నేను ఊరికే చూస్తూ ఉన్నా అంటే సరిపోద్దనుకోకు, తన భూమిలో గంజాయి మొక్కలున్నాయని తెలిసీ అధికారులకి చెప్పకపోతే ఆ భూమి ఉన్నవాడు కూడా శిక్షకి అర్హుడే అని అదే చట్టం 46వ సెక్షన్ చెప్తుంది. మీ నాన్న పేరు మీద పట్టా అంటే ఇది మీ నాన్న మెడకే.

ఇంకోటి, ఇది పచ్చగా కొండ మీద నిలబడి ఉన్నన్నాళ్లూ దాచడానికి వీలు కాని పంట. వానాకాలంలో నాటి చలికాలంలో కోస్తారు కాబట్టి ఏ నెలలో వెతకాలో పోలీసులకి, ఎక్సైజ్ వాళ్లకి మీకంటే బాగా తెలుసు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో అప్పటి విశాఖ ఏజెన్సీలో 7,500 ఎకరాలకి పైగా తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఒకే చోట 2 లక్షల కిలోలు పోసి తగలబెట్టారు. ఆ తోటల్లో కలుపు తీసింది, రాత్రుళ్లు కాపలా పడుకున్నది అంతా మీలాంటి ఇళ్ల వాళ్లే, ఆ ఏడాది ఆ పొలాల్లో చోళ్లూ లేవు, డబ్బూ లేదు. ఇప్పుడు ఈగల్ అని దీనికోసమే ప్రత్యేక విభాగం పెట్టారు. ఇళ్లు కట్టుకున్న ఆ పక్కింటివాళ్ల కాలం వేరు, వాళ్లని చూసి ఇప్పుడు లెక్క వేసుకుంటే దెబ్బ తింటావు.

ధర సంగతి కూడా ఆలోచించు. నీకు కిలోకి రెండు మూడు వేలు అన్న సరుకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై చేరి చిన్న చిన్న పొట్లాలుగా మారేసరికి ఎన్నో రెట్లు అవుద్ది. ఆ పెరిగిందంతా మధ్యలో వాళ్లకే. ఆయన వచ్చి ఈసారి రేటు పడిపోయింది, వెయ్యే ఇస్తా అంటే నువ్వు ఎవరి దగ్గరికి పోయి అడుగుతావు? పసుపు కొన్నవాడు మోసం చేస్తే ఊళ్లో పంచాయితీ పెట్టొచ్చు, గిరిజన సహకార సంస్థ జీసీసీకి వెళ్లొచ్చు, స్టేషన్‌కి వెళ్లొచ్చు, దీనికి ఏదీ లేదు. ఒక్క పంట వేసి మానేస్తా అంటున్నావు, కానీ అడ్వాన్స్ తీసుకున్నాక తోట నరికేస్తే ఆ 50 వేలు అప్పుగా మిగులుద్ది, అప్పు తీర్చడానికి మళ్లీ వెయ్యమంటాడు, లేకపోతే మూట మోసుకుని రోడ్డు దాకా దించమంటాడు. అసలు చాలామంది కుర్రాళ్లు మూటతో దొరికేది అక్కడే.

మరి ఏం వెయ్యాలి అంటావు, అది న్యాయమైన ప్రశ్న. ఆపరేషన్ల తర్వాత మొక్కలు పంచి ఫోటోలు దిగి వెళ్లిపోతే చాలదు, ఇది నేను అధికారుల ముందు కూడా చెప్పిన మాటే. కాఫీ వేస్తే మూడు నాలుగేళ్ల దాకా పంట రాదు, ముందు సిల్వర్ ఓక్ నీడ ఎదగాలి, ఆ నీడ చెట్లకే మిరియాల తీగ ఎక్కించాలి. ఆ నాలుగేళ్లు ఇల్లెలా గడవాలి? అందుకే రెండెకరాలూ ఒకేసారి కాఫీ పెట్టొద్దు. అరెకరంతో మొదలుపెట్టు, మిగతా దాంట్లో రాజ్‌మా చిక్కుళ్లు వెయ్యి, సుమారు మూడు నెలల్లో చేతికొస్తాయి, పసుపు ఎలాగూ తెలుసు నీకు, కాకపోతే తొమ్మిది నెలలు. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, వాళ్లని విత్తనం అడుగు, కాఫీ మొక్కలకి పాడేరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏని అడుగు.

కాఫీలో డబ్బు పోయేది ఎక్కడో కూడా చెప్తా. పండు ఎర్రగా అయ్యాక కోసి, అదే రోజు పల్పింగ్ మిషన్లో తొక్క తీసి, నానబెట్టి జిగురు పోయేలా కడిగి, టార్పాలిన్ మీదో మంచె మీదో పల్చగా ఆరబెడితే అది పార్చ్‌మెంట్, దానికి మంచి రేటు. బద్ధకించి పచ్చి పండూ ఎర్ర పండూ కలిపి కోసి రోడ్డు మీద తొక్కతోనే ఎండబెడితే అది చెర్రీ రేటే, అది కూడా దళారి చెప్పిందే రేటు. ఒకే తోట నుంచి వచ్చిన గింజకి ఇంత తేడా ఉంటుంది. కాఫీలో రిస్క్ లేదనట్లేదు, 2025లో అరకు వైపు కాయ తొలిచే పురుగు కనపడింది, రాలిన పండు తోటలో వదలకుండా ఏరెయ్యాలి. కానీ పురుగు పడితే పంట పోద్ది, మనిషి ఇంట్లోనే ఉంటాడు.

చెల్లి ఫీజు సంగతి ఐటీడీఏ ఆఫీసులో అడుగు, ఎస్టీ పిల్లలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, కులం, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని అడ్మిషన్ అవ్వగానే వెళ్లు, ఆలస్యం చెయ్యొద్దు. ఆ 50 వేలు మాత్రం ముట్టుకోకు నాన్నా.

ప్రశ్న: అయ్యా, నా భర్తని పోయిన నెల పట్టుకెళ్లారు. తోట మాది కాదు, కోతకి కూలికి వెళ్లాడు, కోసినాక మూటలు జీపులో ఎక్కిస్తుంటే దొరికాడంట. 30 కిలోలు అని రాశారు. లాయర్ బెయిల్ రాదంటున్నాడు, ఇద్దరు చిన్న పిల్లలు. నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ధైర్యంగా ఉండు, దారులు పూర్తిగా మూసుకుపోలేదు. గంజాయిలో కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే కమర్షియల్ మొత్తం. కమర్షియల్ అయితే శిక్ష పదేళ్లకి తగ్గదు, ఇరవై దాకా ఉంటుంది, బెయిల్‌కి 37వ సెక్షన్ అడ్డం వస్తుంది, అంటే ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయి, బయటికొస్తే మళ్లీ చేయడు అని జడ్జికి అనిపిస్తేనే ఇస్తారు. మీ లాయర్ రాదన్నది అందుకే.

కానీ ఆయన్ని రెండు సంగతులు అడుగు. ఒకటి, ఆ 30 కిలోలు దేని బరువు? చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు, వాటితో కలిసి లేని విడి ఆకులు, గింజలు అందులోకి రావు. తోట దగ్గర పట్టుకున్న మూటల్లో కాడలు, ఆకులు, వేర్లు అన్నీ కలిపి తూచేస్తే ఆ లెక్క మీద కోర్టులో వాదించొచ్చు, 20కి అటా ఇటా అన్నదానితో కేసే మారిపోద్ది. మేజిస్ట్రేట్ ముందు తూకం, శాంపిల్ తీశారా లేదా అన్న కాగితాలు కూడా చూడమను. రెండోది, కమర్షియల్ కేసుల్లో ఛార్జిషీట్‌కి 180 రోజుల గడువు ఉంటుంది, కోర్టు ప్రత్యేకంగా పొడిగించకుండా ఆ గడువు దాటితే బెయిల్ అడిగే హక్కు వస్తుంది, తేదీ రాసి పెట్టుకో, ఎవరూ గుర్తు చెయ్యరు.

లాయర్ ఫీజుకి ఉన్న పుస్తెలు తాకట్టు పెట్టొద్దు. గిరిజనులకి, ఆడవాళ్లకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టాలి, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. బెయిల్ వచ్చాక కూడా ష్యూరిటీలు దొరక్క నెలల తరబడి లోపలే ఉండిపోతున్న ఏజెన్సీ మనుషులు ఉన్నారు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, కాబట్టి పట్టా కాగితం పెట్టగలిగే బంధువులు ఇద్దరిని ఇప్పటి నుంచే అడిగి పెట్టుకో. కూలి ఎవరు ఇస్తానన్నారు, ఎవరు పిలిచారు, ఫోన్ ఏ నంబర్ నుంచి వచ్చింది, తెలిసిందంతా లాయర్‌కి చెప్పు, దాచొద్దు.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. యూట్యూబ్‌లో హెంప్ (నార, గింజ కోసం వేసే, మత్తు తక్కువుండే గంజాయి రకం) సాగు లీగల్, ఎకరానికి లక్షలు అని వీడియోలు చూస్తున్నా. ఉత్తరాఖండ్‌లో వేస్తున్నారు కదా, ఇక్కడ వేరుశెనగలో నష్టపోతున్నాం, లైసెన్స్ ఎక్కడ తీసుకోవాలి?

జవాబు: మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రైతుకి అలాంటి లైసెన్స్ ఇచ్చే పాలసీ లేదండి. కేంద్రం చేసిన ఎన్‌డీపీఎస్ చట్టం 14వ సెక్షన్‌లో నార కోసం, విత్తనం కోసం సాగుకి ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చని ఉంది, దాన్ని పట్టుకునే ఉత్తరాఖండ్ 2018లో దేశంలో మొదటిసారి పర్మిషన్ ఇచ్చింది, మత్తు పదార్థం టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదని షరతు. మొత్తం చిక్కు ఆ 0.3 దగ్గరే ఉంది. హిమాలయాల్లో గంజాయి మొక్క దానంతటదే మొలుస్తుంది, ఆరుబయట వేసిన పంటలోకి దాని పుప్పొడి గాలికి కొట్టుకొస్తుంది, అలాంటి విత్తనం మళ్లీ వేస్తే టీహెచ్‌సీ ఎక్కడికి పోతుందో చెప్పలేం, గీత దాటితే ఆ పంట తీసేయాల్సిందే. తక్కువ టీహెచ్‌సీ ఉండే నికరమైన విత్తనం దొరకడం అక్కడి రైతులకే పెద్ద పని. హిమాచల్ 2025లో యూనివర్సిటీల్లో ట్రయల్స్ చేయించే దశలోనే ఉంది. హెంప్ గింజ, నూనె ఆహారంగా అమ్ముకోవచ్చని 2021లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతిచ్చిన మాట నిజం, కానీ అది అమ్మకం గురించి, మీ పొలంలో వేసుకోమని కాదు. వీడియో చూసి ఎవరికైనా విత్తనం డబ్బులు కట్టకండి, పార్సిల్ మీ ఇంటికొస్తే కేసు కూడా మీ ఇంటికే.

నార పంటే కావాలంటే మనకి గోగు ఉంది. ఆకు చూస్తే అచ్చం గంజాయి ఆకులాగే ఉంటుంది, కేసు ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు తరాలుగా వేస్తున్నారు, ఆమదాలవలస పరిశోధనా స్థానంలో దాని మీదే పని జరుగుతుంది. కాకపోతే కట్టలు నానబెట్టడానికి చెరువులో నీళ్లు కావాలి, మీ వైపు అది కష్టం. మీకు నేనైతే వేరుశెనగలో కంది అంతరపంట ముందు చూడమంటాను.

ప్రశ్న: నేను ఓక్లహామాలో హెచ్1బి మీద జాబ్ చేస్తున్నా. ఫ్రెండ్స్ కలిసి గంజాయి ఫార్మ్‌లో షేర్ కొందాం అంటున్నారు, ఇక్కడ స్టేట్‌లో లీగల్ కదా, ఔట్‌డోర్ అయితే కరెంట్ ఖర్చు కూడా ఉండదు. వీసాకి ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే బాబూ, పెద్ద ఇబ్బంది. రాష్ట్రంలో వైద్యం కోసం లీగలే, ఫెడరల్ అంటే అమెరికా కేంద్ర చట్టంలో కాదు, మీ వీసా, గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ అన్నీ చూసేది ఫెడరల్ వాళ్లు. రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా గంజాయి వ్యాపారంలో ఉంటే సిటిజన్‌షిప్ అప్లికేషన్‌కి దెబ్బే అని 2019లోనే ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది. సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి.

వ్యాపారంగా చూసినా తొందరపడొద్దు. ఓక్లహామాలో వైద్య గంజాయికి ఒప్పుకున్న 2018 ఓటింగ్ తర్వాత ఫార్మ్‌లు విపరీతంగా పుట్టుకొచ్చాయి, 2022 ఆగస్టులో కొత్త లైసెన్స్‌లు ఆపేశారు, అంటే ఇప్పుడు మీకు అమ్ముతున్నది ఎవరో వదిలించుకుంటున్న షేర్ అయ్యుండొచ్చు, పుస్తకాలు చూడందే ముట్టుకోకండి. కాలిఫోర్నియా హంబోల్ట్ కౌంటీలో తరాలుగా ఎండలో పండించినవాళ్లే 2021 తర్వాత రేటు పడిపోతే చేతులెత్తేశారు. పొలాలన్నీ అక్టోబర్‌లో ఒకేసారి కోతకొస్తాయి, మార్కెట్ నిండిపోద్ది, ఎండలో పెరిగిందానికి గదిలో పెంచినదానికంటే తక్కువ ఇస్తారు. 2020లో ఆ చుట్టుపక్కల కౌంటీల్లో కొండలు తగలబడి పది లక్షల ఎకరాలు దాటి కాలిపోయినప్పుడు మంట తగలని తోటలకి కూడా పొగ పట్టింది. కరెంట్ బిల్లు మిగులుద్దన్నది నిజమే, దాని బదులు వాన, పొగ, బూజు మీ ఖాతాలో పడతాయి.

ప్రశ్న: మా ఊరి పైన తోట ఉందని నాకు తెలుసు. మత్తుపదార్థాల మీద సమాచారమిచ్చే టోల్ ఫ్రీ నంబర్ 1972కి ఫోన్ చేస్తే నా పేరు బయటికొస్తుందా? ఊళ్లో బతకాలి కదా.

జవాబు: సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతం చేయకూడదని చట్టంలోనే 68వ సెక్షన్ ఉంది. ఫోన్‌లో మీ పేరు చెప్పాల్సిన అవసరం లేదు, కొండ పేరు, దారి, దగ్గర్లో ఉన్న గెడ్డ చెప్తే చాలు. ఊరి నుంచి కాకుండా పాడేరో నర్సీపట్నమో వెళ్లినప్పుడు చేయండి, ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పొద్దు. తోట మీ భూమికి ఆనుకుని ఉంటే మాత్రం మీ హద్దులు, సర్వే నంబర్ కూడా చెప్పి పెట్టండి, రేపు నరకడానికి వచ్చినవాళ్లు మీ పొలం కూడా అందులో కలిపి రాసుకోకుండా ఉంటుంది.