ఆపరేషన్ తర్వాత కూడా పిల్లి ఎదకు వస్తుంటే

రెండేళ్ల క్రితం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పిల్లి మళ్లీ రాత్రంతా అరుస్తూ, నేల మీద పొర్లుతూ, తోక పక్కకు పెడుతోందని రాశారు. అది ఉత్త మారాం కాదండీ, ఎద లక్షణాలే. అండాశయం ముక్క లోపల మిగిలిపోయి ఉండవచ్చు.

స్కానింగ్‌ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ముక్క చిన్నదైతే అందులో కనిపించకపోవచ్చు. ఈ లక్షణాలు ఉన్న రోజుల్లోనే తీసుకెళ్లి యోని స్మియర్ పరీక్ష (యోనిలోంచి కణాలు తీసి మైక్రోస్కోప్‌లో చూడటం) చేయించండి. కెరటిన్ పట్టిన బల్లపరుపు కణాలు ఎక్కువగా కనిపిస్తే ఎద తెప్పించే హార్మోన్ ఈస్ట్రోజెన్ ప్రభావం ఉన్నట్టే. జత కట్టకపోతే పిల్లికి సాధారణంగా అండం విడుదల కాదు. అందుకే అండం విడుదలయ్యేలా అప్పుడే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, వారం పది రోజులకు రక్తంలో ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) చూస్తారు. పెరిగి ఉంటే ముక్క ఉన్నట్టే. అండాశయం తయారుచేసే ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్షకైతే ఎద కోసం ఆగనక్కర్లేదు, కానీ అది అన్నిచోట్లా దొరకదు.

అన్నట్టు, ఇంట్లో ఎవరైనా ఈస్ట్రోజెన్ క్రీము వాడుతున్నారా? ఒంటికి రాసుకున్నది పిల్లి నాకినా ఇలాంటి లక్షణాలే వస్తాయి.

ముక్క ఉందని తేలితే మళ్లీ ఆపరేషనే దారి. ఎద రోజుల్లోనో, ప్రొజెస్టిరాన్ పెరిగి ఉన్నప్పుడో చేస్తే ముక్క ఉబ్బి సులువుగా కనిపిస్తుంది. రెండు వైపులా వెతకమనండి, తీసినదాన్ని బయాప్సీకి పంపమనండి.