క్లయింట్లకు ఇంటరాక్టివ్ శిక్షణ పాఠాలు తయారుచేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి?

వీడియో, ఆడియో, క్విజ్‌లు కలిసిన శిక్షణ పాఠాలను ఇతర సంస్థలకు తయారుచేసి ఇచ్చేవారు, సాఫ్ట్‌వేర్‌లను పోల్చడానికి ముందు, ఆ పాఠం ఏ ఎల్‌ఎంఎస్‌లో (పాఠాలను అభ్యాసకులకు అందించి, వారి ప్రగతిని నమోదుచేసే సాఫ్ట్‌వేర్‌లో) నడవాలో, అప్పగించిన తరువాత దాన్ని సవరించేది ఎవరో క్లయింట్‌ను అడిగి తెలుసుకోవాలి.

చాలా సంస్థలు ఇప్పటికీ 2001 నాటి స్కార్మ్ 1.2 ప్యాకేజీనే కోరుతాయి. స్కార్మ్ అంటే పాఠం వేర్వేరు ఎల్‌ఎంఎస్‌లలో నడిచేలా ఏర్పరచిన ప్రమాణం. అభ్యాసకుడు ఎక్కడ ఆగాడో గుర్తుంచుకునే సమాచారానికి అందులో 4,096 అక్షరాల పరిమితి ఉంది. అందువల్ల ఎన్నో స్లయిడ్లు, క్విజ్‌లు ఉన్న పెద్ద పాఠాన్ని ఒకే ప్యాకేజీగా ఇస్తే, మధ్యలో ఆపి మళ్ళీ తెరిచినవారు మొదటి స్లయిడ్‌కే వచ్చే ప్రమాదం ఉంటుంది. పాఠాన్ని చిన్న భాగాలుగా విడదీయడం, లేదా ఎల్‌ఎంఎస్ అనుమతిస్తే 64,000 అక్షరాల వరకు వీలున్న స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌ను వాడడం మేలు.

అభ్యాసకుడి నిర్ణయాన్ని బట్టి కథ మలుపు తిరిగే సన్నివేశాలకు నేను ఆర్టిక్యులేట్ స్టోరీలైన్‌నే సూచిస్తాను. అయితే అది విండోస్ ప్రోగ్రామ్, చందా కూడా ఖరీదైనదే. సవరణలు క్లయింటే చేసుకోవాలంటే, మూడిల్ అనే ఎల్‌ఎంఎస్‌లో ఇమిడి ఉన్న హెచ్‌5పీ అనే ఉచిత పాఠాల తయారీ సాధనం సరిపోతుంది.

తెలుగు పాఠమైతే, కొనేముందు ట్రయల్ వెర్షన్‌లో ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి పదాలున్న స్లయిడ్‌ను ప్రచురించి, ఫోన్‌లో తెరిచి, ఒత్తులు విడిపోకుండా కనిపిస్తున్నాయో లేదో తప్పక పరీక్షించండి.