ఫ్రెంచ్ విప్లవం మీద తత్వవేత్తల ప్రభావం ఎంత?

ఆకలి, పన్నుల భారం జనాన్ని వీధుల్లోకి తెచ్చాయి. కానీ రాజును కాదంటే ఆ తర్వాతేంటి అన్న ప్రశ్నకు దారి చూపింది తత్వవేత్తలే. అధికారం ప్రజలదేనన్నాడు రూసో. చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు వేరువేరుగా ఉండాలన్నాడు మాంటెస్క్యూ. (ఈయనకు రాజు ఉండటం మీద అభ్యంతరం లేదు, అదుపు లేని అధికారమంటేనే భయం.)

1789 ఆగస్టులో జాతీయ సభ ఆమోదించిన మానవ, పౌర హక్కుల ప్రకటన తెరిచి చూడండి. చట్టమంటే ప్రజల ఉమ్మడి సంకల్పమని 6వ అధికరణం చెబుతుంది. అది అచ్చంగా రూసో ఆలోచనే. అధికారాల విభజన లేని సమాజానికి రాజ్యాంగమే లేనట్టని 16వ అధికరణం తేల్చేస్తుంది. అప్పటికి రూసో పోయి 11 ఏళ్లు, మాంటెస్క్యూ పోయి 34 ఏళ్లు. 1792 సెప్టెంబరులో రాచరికమే రద్దయింది.