లంక బడిలో దశాంశాలు: కొత్త లెక్కల మేడం గారికి

మేడం, ఎనిమిదో తరగతికి దశాంశాలే రావట్లేదు, ఈ లంక ఊరి హైస్కూల్లో అడగడానికి ఇంకో లెక్కల టీచరు కూడా లేరు అన్నారు కదా, సిలబస్ టెన్షన్ ఓ వారం పక్కన పెట్టి సెంట్లతో మొదలుపెట్టండి. ఎకరానికి 100 సెంట్లని కోనసీమ పిల్లలకి వేరే చెప్పాలా? 0.5 పెద్దదా, 0.35 పెద్దదా అని అడగండి. 35 ఎక్కువ కదండీ అనేవాడి చేత 50 సెంట్ల కొబ్బరితోట, 35 సెంట్ల తోట పక్కపక్కన గీయించండి, వాడే దిద్దుకుంటాడు. తర్వాత గజాలు: సెంటుకి 48.4, గుణకారం అందులోనే వస్తుంది.

ఇక తోడు సంగతి. పక్క ఊరి సీనియర్ మాస్టారిని (సైన్స్ వారైనా ఫర్వాలేదు) అప్పుడప్పుడు వెనక బెంచీలో కూర్చుని, మీరెలా చెప్పారో కాదు, ఏ పిల్లాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో రాసిపెట్టమనండి. ఇన్‌స్పెక్షన్‌లా మార్కులేసేవారైతే మాత్రం వద్దు.